పోలిక పెట్టడంలో పనితనం

బిలాస్‌పూర్ నుంచి రాయపూర్ వైపు బండెక్కితే దాధాపారా, చకర్‌భాఠా దాటాక బిల్హా వస్తుంది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్లకు తెలిసిన స్టేషనే. చుట్టూ వరిచేలు, కాస్త అవతల హిర్రీ డోలమైట్ గనులు, ఊళ్లో బ్లాకు ఆఫీసు. ఈ బ్లాకులో ఏదో ఒక ఇంటిని తీసుకుందాం. 2000 నాటికంటే 2010 నాటికి ఆ ఇంట్లో రేషన్ బియ్యం ఎక్కువగా వండుతున్నారనుకుందాం. ఈ మార్పు ఎవరి పుణ్యం?

జవాబు చాలామంది నాలుక చివరే ఉంటుంది. 2004లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం రేషన్ దుకాణాలను ప్రైవేటు డీలర్ల చేతిలోంచి తీసి పంచాయతీలకు, సహకార సంఘాలకు, మహిళా సంఘాలకు అప్పగించింది. 2007లో కిలో మూడు రూపాయలకే బియ్యం ఇచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి రమణ్ సింగ్‌కు ‘చావల్ వాలే బాబా’ (బియ్యం బాబా) అనే పేరు అలాగే వచ్చింది. కానీ అదే పదేళ్లలో వేరే పనులు కూడా జరిగాయి. రాష్ట్రమే కొత్తగా పుట్టింది. ధాన్యం కొనుగోలును రాష్ట్రం తన చేతుల్లోకి తీసుకుంది. కూలి రేట్లు మారాయి. వీటిలో దేని వాటా ఎంత? నిన్నటి బిల్హాను నేటి బిల్హాతో పోల్చి చూస్తే ఈ లెక్క తేలదు. పథకం రాకపోయి ఉంటే నేటి బిల్హా ఎలా ఉండేదో తెలియాలి. అలాంటి బిల్హా ఎక్కడా లేదు. లేని ఆ ఊరిని నమ్మదగినట్టు సృష్టించడమే సామాజిక ప్రయోగం చేసేవాడి పని. ఈ వ్యాసం ఆ పనితనం గురించి. ముఖ్యంగా మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో జరిగిన కొన్ని ప్రయోగాల గురించి. ప్రపంచం ఇప్పటికీ వాటిని పాఠంగా చదువుతోంది.

ఛత్తీస్‌గఢ్ బియ్యం సంగతి ముందు ముగిద్దాం. ప్రసాద్ కృష్ణమూర్తి, విక్రమ్ పఠానియా, శరద్ టాండన్ అనే ముగ్గురు పరిశోధకులు జాతీయ నమూనా సర్వే లెక్కలు తీసుకుని, ఛత్తీస్‌గఢ్‌ను సరిహద్దుకు అవతలి పక్క జిల్లాలతో పోల్చారు. సరిహద్దు గీత నేలమీద కనిపించదు. రెండువైపులా అదే వరి, అదే వాన, ఇంచుమించు అవే కులాలు, అవే తెగలు. మారింది ప్రభుత్వం ఒక్కటే. పరిశోధకుడు ఏ మార్పూ తేకుండా, ప్రభుత్వమో ప్రకృతో గీసిపెట్టిన గీతను వాడుకుని చేసే ఇలాంటి పరిశీలనను సహజ ప్రయోగం అంటారు. వాళ్లకు తేలిందేమిటంటే, పక్క జిల్లాలతో పోలిస్తే ఛత్తీస్‌గఢ్‌లో రేషన్ బియ్యం వాడకం నిజంగానే బాగా పెరిగింది. అయితే పేరు తెచ్చుకున్న సంస్కరణలు రాకముందే ఆ పెరుగుదల మొదలైంది. అంటే బిల్హా ఇంట్లో వండిన అన్నానికి పేరు ఒకరికే పోదు. గీతను ఎన్నుకోవడంలోనూ, కాలాన్ని ముక్కలు చేసి చూడడంలోనూ ఉన్న నేర్పు ఇది. అయినా గీత గీతే. అవతలి జిల్లాలు అన్నివిధాలా ఇవతలి జిల్లాల్లాంటివేనని ఎవరూ ప్రమాణం చేయలేరు.

ఈ ప్రాంతానికీ తెలుగు పల్లెలకూ ఒకేసారి జరిగిన పెద్ద ప్రయోగం ఇంకొకటి ఉంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు సైట్ (ఉపగ్రహ బోధనా టీవీ ప్రయోగం) పేరుతో ఇస్రో, నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని రెండువేలకు పైగా పల్లెల్లో టీవీ చూపించింది. రాయపూర్ చుట్టుపక్కల ఊళ్లు ఒక క్లస్టరు, ఆంధ్రప్రదేశ్ ఊళ్లు ఒక క్లస్టరు. తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్ కేంద్రంలో తయారయ్యేవి. పేరులోనే ‘ప్రయోగం’ ఉంది కాబట్టి ఇస్రో ఆ మాటను సీరియస్‌గానే తీసుకుంది. టీవీ పెట్టిన ఊళ్లతోపాటు పెట్టని ఊళ్లనూ సర్వే చేయించింది. మానవశాస్త్రం చదివిన కుర్రవాళ్లను నెలల తరబడి ఆ పల్లెల్లోనే ఉంచింది. రాకెట్లు కట్టే సంస్థ ఇంత ఓపిగ్గా రచ్చబండ దగ్గర కూర్చోవడం నాకెప్పుడూ ముచ్చటగా ఉంటుంది. కాకపోతే టీవీ పెట్టే ఊళ్లను లాటరీతో కాదు, కరెంటు ఉందా, మరమ్మతు వాళ్లు చేరగలరా అని చూసి ఎంచుకోవాల్సి వచ్చింది. కరెంటున్న ఊరు, లేని ఊరు టీవీకి ముందే వేరు. ప్రయోగం ఎంత పెద్దదైనా పోలికలో ఈ చిల్లు మిగిలిపోయింది.

ఆ చిల్లు పూడ్చే పద్ధతి లాటరీ. ఎవరికి ఇవ్వాలో మనిషి ఇష్టానికి వదలకుండా చీటీ తీయడం. శాస్త్ర భాషలో దీన్ని యాదృచ్ఛిక కేటాయింపు అంటారు. మనకు చీటీలంటే చాలు. చీటీకి కులం తెలియదు, సర్పంచి ఎవరి చుట్టమో తెలియదు. తగినన్ని ఊళ్ల మధ్య చీటీ తీస్తే, రెండు పక్షాలూ సగటున ఒకేలా ఉంటాయి, కంటికి కనిపించే విషయాల్లోనూ కనిపించని వాటిలోనూ.

లాటరీ ఊళ్లలోనే కానక్కర్లేదు. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే పరిశోధకులు ఉత్తరప్రదేశ్‌లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలను కూర్చోబెట్టి కాగితం మీద చిక్కుదారులు పరిష్కరించమన్నారు. పరిష్కరించిన ప్రతి చిక్కుదారికీ డబ్బులు. కులం ఎవరికీ తెలియనప్పుడు అగ్రకులాల పిల్లలూ, అణగారిన కులాల పిల్లలూ దాదాపు సమానంగా చేశారు. చీటీ ప్రకారం వేరే గుంపుల్లో అందరి ముందూ పేరు, కులం చదివి వినిపిస్తే, అక్కడ అణగారిన కులాల పిల్లల ఫలితం పడిపోయింది. అలాంటి పిల్లలే, అవే చిక్కుదారులు, అంతే డబ్బు. మారింది ఒక్క ప్రకటన. గదిలో చేసే ప్రయోగానికున్న బలమే అది. మార్చే వస్తువు ఒక్కటే ఉంటుంది.

గదికి బయట, మనుషులు తాము ప్రయోగంలో ఉన్నామని తెలియకుండా చేసేది ఉత్తరాల ప్రయోగం. పరిశోధకులు సుఖదేవ్ థోరాట్, పాల్ అట్‌వెల్ 66 వారాల పాటు ఇంగ్లిష్ దినపత్రికల్లో వచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు, అనుభవం ఒకటే. ఇంటిపేరు మాత్రం ఒకదానిలో అగ్రకులానిది, ఇంకోదానిలో దళితులది, మరోదానిలో ముస్లింలది. అగ్రకులం పేరుతో పోలిస్తే దళితుల పేరుకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. నాకు నచ్చిన మెలిక ఇంకొకటి ఉంది. కొన్నిచోట్ల కావాల్సినదానికంటే ఎక్కువ చదివిన దళితుడి దరఖాస్తును, తక్కువ చదివిన అగ్రకులస్థుడి దరఖాస్తును పక్కపక్కన పెట్టారు. పేరు బరువెంతో తెలియాలంటే దానికి ఎదురు బరువు పెట్టి చూడాలి కదా. అమెరికాలో డీవా పేజర్ అనే సామాజిక శాస్త్రవేత్త మిల్వాకీ నగరంలో మనుషులనే పంపి ఇలాంటిదే చేసింది. అక్కడ నేరచరిత్ర లేని నల్లవాడికి వచ్చిన పిలుపులు, జైలుకెళ్లొచ్చిన తెల్లవాడికంటే తక్కువ.

ఇక అసలు కథకు వస్తాను.

2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ కలిసి సర్కారు ప్రాథమిక పాఠశాలల్లో వరుస ప్రయోగాలు మొదలుపెట్టాయి. డిజైను ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌లది. అయిదు జిల్లాలు, జిల్లాకు పది మండలాలు, మండలానికి పది బడులు. మొత్తం 500. ఈ 500ను అయిదు గుంపులు చేశారు. ఒక గుంపులో పిల్లల మార్కులు పెరిగితే బడిలోని టీచర్లందరికీ కలిపి బోనస్. రెండో గుంపులో ఏ టీచర్‌కు ఆ టీచర్ బోనస్. మూడో గుంపుకు ఒక కాంట్రాక్టు టీచర్‌ను అదనంగా ఇచ్చారు. నాలుగో గుంపుకు పిల్లల నోటుపుస్తకాలు, సామగ్రి కోసం నగదు గ్రాంటు. అయిదో గుంపుకు ఏమీ లేదు. అది పోలిక గుంపు.

పనితనం ఇక్కడ మొదలవుతుంది. ప్రతి మండలంలోనూ ప్రతి గుంపుకూ సరిగ్గా రెండేసి బడులు పడేలా చీటీ తీశారు. ఒక మండలంలో ఎంఈవో గట్టివాడైనా, ఇంకో మండలంలో ఆ ఏడు వాన ముంచేసినా, ఆ తేడా అయిదు గుంపులకూ సమానంగా పంచబడుతుంది. మండలాల మధ్య తేడాలు లెక్కలోంచి వాటంతటవే రాలిపోతాయి. ఒక్క డిజైనుతో నాలుగు ప్రశ్నలకు ఒకేసారి జవాబు దొరుకుతుంది. చూడ్డానికి పట్టికలా ఉంటుంది గానీ, నా దృష్టిలో ఈ ప్రయోగంలో అందమైన భాగం ఇదే.

బోనస్ లెక్కలోనూ జాగ్రత్త కనిపిస్తుంది. సగటు మార్కుల్లో అయిదు శాతం పెరుగుదల దాటాక, ఆపైన ప్రతి ఒక్క శాతానికి 500 రూపాయలు. పాస్ మార్కును గీతగా పెడితే టీచర్ ఆ గీత దగ్గరున్న పిల్లల మీదే పడతాడు, అడుగున ఉన్నవాళ్లను వదిలేస్తాడు. సగటు పెరుగుదలను లెక్కలోకి తెస్తే ప్రతి పిల్లాడి మార్కూ విలువైనదే అవుతుంది. పరీక్షలు టీచర్లు కాదు, బయటివాళ్లు పెట్టారు. ప్రశ్నల్లో కొన్ని బట్టీతో చేయగలిగినవి, కొన్ని అర్థమైతేనే చేయగలిగినవి. బోనస్‌కు లెక్కలోకి వచ్చేవి గణితం, తెలుగు మాత్రమే. అయినా సైన్సు, సోషల్ కూడా పరీక్షించారు. డబ్బు వచ్చే సబ్జెక్టు మీదే పడి మిగతావి పక్కన పెడతారేమోనన్న అనుమానం తీర్చుకోవడానికి.

రెండేళ్లకు బోనస్ బడుల పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారు. గణితం లెక్కను మామూలు మాటల్లో చెప్పాలంటే, వందమందిలో 50వ స్థానంలో ఉన్న పిల్ల 60వ స్థానానికి చేరినట్టు. బోనస్ లేని సైన్సు, సోషల్‌లోనూ మెరుగే. సగటు బోనస్ ఏడాది జీతంలో 3 శాతం మాత్రమే. టీచర్ల గైర్హాజరు మాత్రం తగ్గలేదు. వచ్చినవాళ్లే ఎక్కువ పని చేశారు. ఎక్కువ హోంవర్కు, ఎక్కువ అభ్యాసం, బడి వేళ తరవాత అదనపు పాఠాలు.

ఇక్కడ అనుమానం ఉన్నవాడు ఒక ప్రశ్న అడుగుతాడు. పరీక్షలు పెట్టేవాళ్లు, రిపోర్టులు ఇచ్చేవాళ్లు, బడికి వచ్చి చూసేవాళ్లు తిరుగుతుంటే ఏ టీచరైనా కాస్త ఒళ్లు వంచడా? షికాగో పక్కన హాథోర్న్ ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 వరకు జరిగిన అధ్యయనాల నాటి నుంచీ ఈ భయం ఉంది. చూస్తున్నారనే స్పృహే మనిషిని మారుస్తుందన్న భయం. పోలిక గుంపు బడులు కూడా పరీక్షలు రాశాయి, రిపోర్టులు అందుకున్నాయి. కాబట్టి చూపు ప్రభావం రెండువైపులా ఒకటే. కానీ ఆ చూపు బరువెంత? దానికోసం ఇంకో 100 బడులను అసలు ముట్టుకోకుండా పక్కన పెట్టి, ఏడాది చివర మాత్రం పరీక్ష పెట్టారు. సరుకు తూచేముందు ఖాళీ తక్కెడ ముల్లు చూసుకునే షావుకారులాంటి జాగ్రత్త ఇది. తేలిందేమిటంటే, బడికి వెళ్లి గమనిస్తున్నప్పుడు రిపోర్టులందుకున్న టీచర్లు చురుగ్గానే కనిపించారు. పిల్లల మార్కుల్లో మాత్రం తేడా లేదు. చూపు మనుషులను కాసేపు మార్చింది గానీ చదువును మార్చలేదు. తనిఖీల మీద నమ్మకం పెట్టుకునేవాళ్లు ఈ ఫలితాన్ని ఒకసారి తీరిగ్గా చదవాలి.

గ్రాంటు గుంపులో ఇంకో మెలిక బయటపడింది. మొదటి ఏడు గ్రాంటు వస్తుందని తల్లిదండ్రులకు ముందు తెలియదు. పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడు వస్తుందని తెలుసు. ఆ ఏడు ఇంట్లో పుస్తకాలకు, సామగ్రికి పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. మార్కులు పెరగలేదు. సర్కారు పెట్టిన రూపాయి ఇంటి రూపాయిని తోసేసింది. తల్లిదండ్రులది తప్పనడానికి లేదు, ఆ డబ్బు ఇంటి వేరే అవసరానికి పోయి ఉంటుంది. ఈ రెండేళ్ల తేడా పట్టుకోకపోతే, మొదటి ఏడు లెక్కే చూసి గ్రాంట్లు బ్రహ్మాండం అని ఒకరు, రెండో ఏడు లెక్కే చూసి దండగ అని ఒకరు రాసేవారు.

తరవాతి మెట్టు ఇంకా సున్నితం. ప్రైవేటు బడి పిల్లలు సర్కారు బడి పిల్లలకంటే బాగా చదువుతారన్నది తెలుగునాట వాడవాడలా వినిపించే మాట. మార్కులు చూస్తే నిజమే. కానీ ఫీజు కట్టగల ఇల్లు, చదివించాలన్న పట్టుదల ఉన్న తల్లి, ఇవి బడికంటే ముందే ఉన్నాయి. 2008లో మొదలైన ప్రయోగంలో సర్కారు చదువులో ఉన్న చిన్నపిల్లల ఇళ్లకు, నచ్చిన ప్రైవేటు బడిలో చేరడానికి ఫీజు, పుస్తకాలు, యూనిఫాం ఖర్చు ఇచ్చే వోచరు పథకం పెట్టారు. చీటీని రెండుసార్లు తీశారు. ముందు 180 ఊళ్లలో ఏ 90 ఊళ్లకు పథకం వెళ్లాలో చీటీ. తరవాత ఆ 90 ఊళ్లలో దరఖాస్తు పెట్టిన పిల్లల్లో ఎవరికి వోచరో చీటీ.

రెండోసారి తీసిన చీటీ గెలిచిన పిల్లాడిని ఓడిన పిల్లాడితో పోల్చడానికి. మరి మొదటిది దేనికి? మంచి పిల్లలు వెళ్లిపోతే సర్కారు బడిలో మిగిలినవాళ్ల గతేమిటి? కొత్త పిల్లలు వచ్చి చేరితే ప్రైవేటు బడిలో ముందునుంచీ ఉన్నవాళ్ల చదువు చెడుతుందా? ఈ ప్రశ్నలకు ఒక ఊళ్లో జవాబు దొరకదు, ఎందుకంటే అక్కడ ఓడినవాళ్ల మీద కూడా ప్రభావం పడి ఉండొచ్చు. అసలు పథకమే వెళ్లని 90 ఊళ్లు ఉన్నాయి కాబట్టి, వోచరు ఊరి సర్కారు బడిలో మిగిలిన పిల్లాడిని వోచరు లేని ఊళ్లోని అలాంటి పిల్లాడితో పోల్చారు. వోచరు మీద దశాబ్దాలుగా నడుస్తున్న వాదన ఎక్కువగా ఈ మిగిలిపోయినవాళ్ల గురించే. వాళ్లను కొలవడానికి కూడా చోటు ఉంచిన డిజైను ఇది.

రెండేళ్లకు, నాలుగేళ్లకు తేలింది ఇది. తెలుగు, గణితం, ఇంగ్లిష్, సైన్సు, సోషల్‌లలో గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ తేడా లేదు. సర్కారు ప్రాథమిక బడుల్లో అప్పట్లో చెప్పని హిందీలో మాత్రం గెలిచినవాళ్లు చాలా ముందున్నారు. మిగిలిపోయిన పిల్లల మీద మంచిగానీ చెడుగానీ ప్రభావం కనిపించలేదు. ప్రైవేటు బడుల్లో ఒక్కో పిల్లాడి మీద అయ్యే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతుకంటే తక్కువ. ప్రైవేటు బడి పొగడ్తలకూ తిట్లకూ రెండింటికీ ఇందులో సరుకుంది, కాబట్టి రెండు పక్షాలవాళ్లూ తమకు కావాల్సిన సగమే చదివారు. పరిశోధకులు అక్కడితో ఆగలేదు. టైంటేబుల్ లెక్కలు తీశారు. ప్రైవేటు బడుల్లో తెలుగుకు, గణితానికి కేటాయించిన సమయం బాగా తక్కువ. తక్కువ సమయంలో అంతే మార్కులు తెచ్చారంటే అది ప్రైవేటు బడి నేర్పా, లేక తెలుగుకు వాళ్లిచ్చే విలువా? నేను రెండోదాని వైపే మొగ్గుతాను. కానీ ఈ వాదన పెట్టుకోవడానికి కూడా ఆ లెక్క చేతిలో ఉండాలి.

అన్ని ప్రయోగాలూ ఇంత శుభ్రంగా నిలబడవు. హైదరాబాద్ బస్తీల్లో స్పందన సంస్థ ఇచ్చిన చిన్న రుణాల ప్రభావం చూడటానికి అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో, రేచెల్ గ్లెనర్‌స్టర్, సింథియా కినాన్ 104 బస్తీలు తీసుకుని, 52 బస్తీల్లోనే ముందుగా శాఖలు తెరిపించారు. రుణాలతో బస్తీ బతుకులు మారిపోతాయన్న ఆశకు ఆధారం దొరకలేదు. ఫ్రిజ్, స్కూటర్ వంటి వస్తువుల మీద ఖర్చు పెరిగింది, మొత్తం ఖర్చు పెరగలేదు. స్త్రీల మాటకు ఇంట్లో బరువు పెరిగిన జాడ లేదు. కానీ కొన్నాళ్లకు మిగతా 52 బస్తీలకూ రుణ సంస్థలు వచ్చేశాయి. పోలిక పక్షం కరిగిపోయింది. ఆ తరవాతి కొలత, ముందు అప్పు తీసుకున్నవాళ్లకూ తరవాత తీసుకున్నవాళ్లకూ మధ్య తేడాగా మిగిలింది. పల్లెనూ బస్తీనీ గదిలో పెట్టి తాళం వేయలేం. బతుకు ప్రయోగం కోసం ఆగదు.

ఆగనిదాన్ని వాడుకోవడమే చివరి ఉదాహరణలోని నేర్పు. ఉపాధి హామీ కూలీ, పింఛన్లు వేలిముద్ర ఉన్న స్మార్ట్‌కార్డు ద్వారా ఇవ్వాలని ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం అనుకుంది. ఎనిమిది జిల్లాల్లో మొదట ఒప్పుకున్న బ్యాంకులు చేతులెత్తేశాయి. కొత్త బ్యాంకులతో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చినప్పుడు మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ ప్రభుత్వాన్ని ఒకటే అడిగారు. ఎలాగూ అన్ని మండలాలకూ ఒకేసారి ఇవ్వలేరు, ఆ వరుసను చీటీ వేసి తేలుద్దాం అని. అలా 112 మండలాలకు ముందు, 45 మండలాలకు చివర. మధ్యలో 139 మండలాలు. ఈ మధ్యవాటిని సర్వే చేయలేదు. ముందు వరుసకూ చివరి వరుసకూ మధ్య కాలం సాగేందుకు వాటిని వదిలేశారు. ఎవరికీ ఏదీ శాశ్వతంగా నిరాకరించలేదు కూడా. ప్రయోగాల మీద వచ్చే నైతిక అభ్యంతరానికి ఇంత సాదా జవాబు అరుదు.

రెండేళ్ల తరవాత ముందు వరుస మండలాల్లో చెల్లింపుల్లో సగమే కొత్త పద్ధతికి మారాయి. కార్డు అందినవాళ్లను మాత్రమే లెక్కించి గొప్ప ఫలితం చూపించడం తేలిక. వాళ్లు అలా చేయలేదు. కార్డు అందినా అందకపోయినా మండలం మొత్తాన్ని లెక్కలోకి తీసుకున్నారు. ప్రభుత్వం తలపెట్టి సగం చేసిన పనికి ఫలితమెంతో అదే చెప్పారు. అయినా ఉపాధి హామీలో కారిపోయే డబ్బు 41 శాతం తగ్గింది, ఇంటి ఉపాధి కూలీ 24 శాతం పెరిగింది, డబ్బు చేతికందడంలో ఆలస్యం తగ్గింది. మండలాలు పెద్దవి కాబట్టి ఇంకొకటి కూడా కనిపించింది. పథకానికి బయట పొలం కూలి కూడా పెరిగింది. పేద ఇళ్లకు పెరిగిన ఆదాయంలో ఎక్కువ భాగం అలా వచ్చిందే. ఇద్దరు ముగ్గురికి కార్డులిచ్చి చూసే చిన్న ప్రయోగంలో ఇది ఎప్పటికీ కనబడదు.

2013లో ఈ స్మార్ట్‌కార్డు పథకాన్ని నిలిపేద్దామన్న ఆలోచన ప్రభుత్వంలో వచ్చింది. కింది అధికారుల నుంచి పైకి వెళ్తున్నవన్నీ ఫిర్యాదులే. డబ్బు కారడం ఆగితే నష్టపోయేవాళ్ల గొంతు పైకి తేలిగ్గా చేరుతుంది, కూలి అందినవాళ్ల గొంతు చేరదు. సర్వేలో కార్డు వాడిన లబ్ధిదారులను అడిగితే దాదాపు 90 శాతం మంది పాత పద్ధతికంటే ఇదే నయమన్నారు. ఆ లెక్కలు ప్రభుత్వం ముందు పెట్టారు. పథకం ఆగలేదు.